దాచిన బర్రెలు

ఎర్రకుంట (కొండపాక దారి)
మిరుగు కార్తె, 1949

చెల్లె సాయవ్వకు,

నీ అక్క బుచ్చవ్వ రాస్తున్నది. ప్రభువు నీ మీద, మరిది సాంబయ్య మీద, మీ దొడ్డి మీద తన చెయ్యి ఉంచాలి. మిషన్ బడిలో రెండేండ్లు దిద్దిన అక్షరాలతోనే రాస్తున్నాను, వంకరగా ఉంటే నవ్వకు.

మొన్న మా ఊరికి పశువుల లెక్క రాసేవాళ్లు వచ్చారు. గిర్దావరు, పట్వారి, వెంట ఒక చప్రాసి. వాళ్లు వస్తున్నారని ముందే తెలిసి ఊరు ఊరంతా బర్రెలను గుట్ట వెనక్కి తోలేసింది. పది ఉన్నవాళ్లు రెండన్నారు. రెండు ఉన్నవాళ్లు ఒట్టి గుంజలు చూపించారు. నీకు తెలియనిది కాదు, మేసే ప్రతి పశువుకూ పుల్లరి పన్ను కట్టాలి. మన తాతల నాటి నుంచి దాచడమే తప్ప చూపించడం ఎవరికీ అలవాటు లేదు.

నేను దాచలేకపోయాను. గిర్దావరు దొడ్డి ముందర నిలబడేసరికి కాళ్లు వణికాయి. అడగక ముందే చెప్పేశాను.

"నాలుగు బర్రెలు సారూ, ఒక పడ్డ. నాలుగిట్ల ఒకటి కట్టి ఉన్నది, అయిదో నెల."

పట్వారి పగలబడి నవ్వాడు. "కడుపులున్నది గూడ రాయమంటవా ముసల్దానా?"

"రాసుకోండ్రి దొరా. పుట్టినంక దాసిపెట్టిననంటే నేనేడ సావాలె?"

పక్కింటి కొండవ్వ గోడ మీదుగా వింటున్నది. వాళ్లు పోయిన తర్వాత వచ్చి నెత్తి కొట్టుకున్నది. "పోయే పీడను పిలిచి పీట ఏసినవ్ గదనే బుచ్చక్కా! నీకు నోరిచ్చిన దేవుడు దానికి తలుపు పెట్టలే."

చెల్లె, నా బాధ అది కాదు. ఆ నాలుగింటిలో రెండు నీవే కదా. నీ గంగ, దాని బిడ్డ చిన్నగంగ. నువ్వు నాకు పాలుకు ఇచ్చినవి. మేత నాది, పాడి నాది, పుట్టే దూడల్లో సగం నీవి. "ఈ రెండు చేర్యాలల మా చెల్లెవి సారూ" అని కూడా చెప్పాను. "ఎవరి దొడ్లె ఉంటే వాళ్ల పేరే" అని నాలుగూ నా పేరు కింద రాసుకున్నాడు. నీ సొమ్ము నా పేర రాయించుకున్నట్టేనా? రేపు వచ్చి తోలుకుపోతే నీకు ఏ ముఖం చూపించాలి? పోయిన ఏడాది సర్కారు మారిందంటున్నారు. మారితే మాత్రం, సర్కారు చెయ్యి తీసుకునే చెయ్యే కదా.

ఏం చేయమంటావో వెంటనే రాయి.

నీ అక్క
బుచ్చవ్వ

*

చేర్యాల
ఆరుద్ర కార్తె

అక్కా, దండం.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ మరిది కడుపు పట్టుకొని నవ్వాడు. "మీ అక్క సచ్చినంక దేవుని ముంగట గూడ ఆయన అడగక ముందే అన్నీ ఒప్పుకుంటది" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నువ్వు చిన్నప్పటి నుంచి ఇంతే. పలక ఎవరు పగలగొట్టారని మిషనమ్మ అడిగితే, పగలగొట్టిన నేను నిమ్మళంగా కూర్చున్నాను, పగలగొట్టని నువ్వు ఏడ్చావు. దెబ్బలు నీకే పడ్డాయి.

ఇక్కడికీ వచ్చారు ఆ లెక్కలవాళ్లు. మావి ఏడు బర్రెలు, ఏడింటినీ వాగు అవతల తాటిచెట్ల మధ్య కట్టేసి, మాకు పశువులే లేవని రాయించాం. దొడ్డిలో పచ్చి పేడ చూపించి ఇదేమిటని అడిగితే, ఎరువుకు కొనుక్కున్నామని చెప్పాడు మీ మరిది. ఆ మాత్రం తెలివి లేకపోతే ఎట్లా బతుకుతాం?

గంగ నా చేతి బెల్లం తిని పెరిగింది. దాన్ని సర్కారు ముట్టుకుంటే నేను ఊరుకోను. పట్వారి కాళ్లో వేళ్లో పట్టుకొని ఆ రెండింటినీ కొట్టేయించు. ఇంకెవరైనా ఏమైనా అడిగితే, ఏసయ్య మీద ఆన, నోరు మూసుకొని ఉండు.

నీ చెల్లె
సాయవ్వ

*

ఎర్రకుంట
ఆశ్లేష కార్తె

సాయీ,

పట్వారి కొట్టేయలేదు. సిరా ఎండిపోయిందట, లెక్క రాసిన పట్టీ సిద్దిపేటకు పోయిందట. ఇప్పుడు ఆ భయం పాతదైపోయింది. అంతకంటే పెద్దది వచ్చింది.

పెద్దరోగం వచ్చిందే. మొదట కుకునూరు వైపు అన్నారు. తర్వాత వాగు దాటింది. బర్రె కంట నీరు కారుతుంది, నోరు పుండవుతుంది, మేత ముట్టదు. అయిదో రోజుకో ఆరో రోజుకో పడిపోతుంది. ఊరి బయట గుంతలు తవ్వడానికి మనుషులు చాలడం లేదు. తోలు తీయవద్దు, సున్నం పోసి పూడ్చాలి అని సర్కారు టముకు వేయించింది.

ఆ మధ్య పశువుల డాక్టరు జీపులో వచ్చాడు. ఇసుకలో చక్రం దిగబడితే ఊరివాళ్లే తోశారు. ఆయన దగ్గర ఒక పెట్టె ఉన్నది, రంపపు పొట్టు నింపిన పెట్టె. అందులోంచి రాయిలాంటిది తీశాడు. అద్దంలాగ అవతలి వైపు కనబడుతుంది. నేను చూస్తుంటే నా చేతిలో ఒక ముక్క పెట్టాడు. కాలిందో చల్లబడిందో చెప్పలేను. చూస్తుండగానే నీళ్లై వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. గడ్డకట్టిన నీళ్లట! మందు చెడిపోకుండా హైద్రాబాదు నుంచి దాన్ని మోసుకొచ్చారట. "బర్ల కోసమా బిడ్డా, గింత దూరం?" అన్నాను. "బర్ల కోసమే అవ్వా" అన్నాడు. మనిషికి జ్వరమొస్తే ఎవరూ రాని ఊరు మాది. అరవై అయిదేండ్లు బతికాను, ఇటువంటిది చూడలేదు.

రోగం అంటని వాటికే సూది వేశారు. నా దొడ్డిలో ఇంకా ఈనని పడ్డకు ఒక్కదానికే పడింది. అది మూడు రోజులు వణికి, నాలుగోనాడు లేచి గడ్డి కొరికింది. అక్కడే ప్రభువుకు దండం పెట్టుకున్నాను.

నావి రెండూ పోయాయి.

మరిదికి దండాలు చెప్పు. మీ దగ్గర ఎట్లా ఉన్నదో రాయి.

బుచ్చవ్వ

*

చేర్యాల
మఖ కార్తె

అక్కా,

నీవి రెండూ పోయాయని రాశావు. ఏడవకు. పడ్డ నిలిచింది కదా, ఏడాదిన్నరలో ఈనుతుంది.

నావి రెండింటి మాట ఒక్కటీ రాయలేదు. మరిచిపోయావా? ఉత్తరం మూడుసార్లు చదివాను, వెనక్కి తిప్పి కూడా చూశాను. గంగ ఎట్లా ఉన్నది? చిన్నగంగ ఎట్లా ఉన్నది? ఒక్క మాట రాయి, చాలు.

మా సంగతి ఏమున్నది. ఈ మధ్య నాకు తీరిక ఎక్కువైంది. కుట్టు ఊడిన గోనెలన్నీ కుట్టేశాను.

సాయవ్వ

*

ఎర్రకుంట
ఉత్తర కార్తె

చెల్లె,

ఇన్ని దినాలు నీకు రాయడానికి చెయ్యి రాలేదు. ఊరంతా సర్కారు దగ్గర దాస్తే భయపడ్డ దాన్ని, నీ దగ్గర నేనే దాచాను.

నీ గంగ పోయింది. తొట్టి దగ్గరికి తనంతట తానే నడిచి పోయి, మూతి నీళ్లలో పెట్టి, తాగలేక అట్లాగే నిలబడింది. నేను గంజి చేతిలో పట్టుకొని పక్కన నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డామో ఇద్దరమూ. చిన్నగంగ మరుసటి రోజు, తల్లి పడిన జాగలోనే పండుకొని లేవలేదు. వాటిని నా కన్నబిడ్డలకంటే ఎక్కువగా చూశాను సాయీ. నమ్మినా నమ్మకపోయినా నీ ఇష్టం.

ఇప్పుడు ఇంకో మాట. సర్కారు పైసలు ఇచ్చింది!

రోగంలో పశువులు పోయినవాళ్లకు మళ్లీ కొనుక్కోవడానికట. ఒక్కో బర్రెకు నలభై రూపాయలు. మొన్న కొండపాక చావడిలో పంచారు. అయితే మిరుగులో రాసిన పట్టీలో ఉన్నవాటికే. మా ఊళ్లో అరవై దాకా పోయాయి. పట్టీలో ఉన్నవి పదకొండు. అందులో నాలుగు నావి.

నా పేరు పిలిచారు. మనవాళ్లం ఎప్పుడూ చావడి కిందనే నిలబడేవాళ్లం కదా, అట్లాగే కింద నిలబడి చేతులు జోడించాను. "పైకి రా అవ్వా, బల్ల మీద కూసో" అన్నాడు ఆఫీసరు. నేను కూర్చోలేదు. "కూసోమన్న గదా!" అని గద్దించాడు. కూర్చున్నాను. చావడి పైనుంచి ఊరు ఎట్లా కనబడుతుందో మొదటిసారి చూశాను. అందరి నెత్తులు కనబడ్డాయి. "ఎన్ని పోయినయ్?" అని అడిగాడు. "నాలుగు" అన్నాను. పట్టీలో వేలు పెట్టి చూశాడు. "నాలుగే ఉన్నయ్" అని నోట్లు లెక్కపెట్టి, పారేసినట్టు కాదు, నా చేతిలో పెట్టాడు. ఇచ్చే చెయ్యి సర్కారుకు ఉంటుందని ఎవరైనా చెప్తే నేను నమ్మేదాన్నా?

కొండవ్వ దుమ్ములో కూర్చున్నది. "మూడు పోయినయే నాయి. ఒక్కటి గూడ లెక్కల లేదు. నీ నోరు నిన్ను గట్టెక్కిచ్చె, నా నోరు నన్ను ముంచె" అన్నది. నాకు పైసలు నిప్పుల్లా కాలాయి.

నూట అరవైలో ఎనభై నీ గంగవి, చిన్నగంగవి. నా పేరు చెప్పి తీసుకున్నాను. ఇది తప్పా, కాదా? నాకు నిద్ర లేదు.

బుచ్చవ్వ

*

చేర్యాల
హస్త కార్తె

అక్కా,

గంగ సంగతి చదివాను. నువ్వు గంజి పట్టుకొని నిలబడ్డావంటే నమ్ముతాను. నువ్వు కాక ఎవరు నిలబడతారు.

నీ దగ్గర నేనూ దాచాను. మావి ఏడూ పోయాయి. మఖ కార్తెలో నీకు ఉత్తరం రాసేనాటికే అయిదు పోయి ఉన్నాయి. నువ్వు అక్కడ బెంగతో చస్తావని రాయలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, నీ లెక్కను ఎగతాళి చేసిన నోటితో ఆ మాట రాయడానికి సిగ్గేసింది.

పైసలు పంచేవాడు మా గడపకూ వచ్చాడు. పట్టీ చూసి, "మీకు పశువులు లేవు గద?" అన్నాడు. ఇంటి వెనక ఏడు గుంతలు, మీద సున్నం ఇంకా తెల్లగా ఉన్నది. మీ మరిది నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. "లేవు" అన్నాం. ఆ రోజు నుంచి ఆయన నోట మాట లేదు. పాల కుండలు బోర్లించి పెట్టాను, వాటి వైపు కూడా చూడడు.

అందుకే ఆ ఎనభై మాకు కావాలి అక్కా. దానికి ఇంకొంత అప్పు తెస్తే ఒక పాడిబర్రె వస్తుంది, ఇంట్లో మళ్లీ పొద్దున లేవడానికి ఒక పని ఉంటుంది. ఎవరైనా నమ్మకమైన మనిషి చేత గుట్టుగా పంపు. నా పేరు మాత్రం ఏ కచ్చేరిలోనూ ఎత్తకు. ఎత్తావంటే, ఇన్నేండ్లు దాచిన పుల్లరంతా మా చేత కక్కిస్తారు. నీ కాళ్లు మొక్కుతాను, ఈ ఒక్కసారి నోరు మూసుకో.

సాయవ్వ

*

ఎర్రకుంట
చిత్త కార్తె

సాయీ,

నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా అందింది. అప్పటికే పోయి వచ్చాను.

తిట్టు. ముందు కూర్చొని తిట్టి, తర్వాత మిగతాది చదువు.

కొండవ్వ, ఇంకా పైసలు రానివాళ్లు నలుగురైదుగురు మొర పెట్టుకోవడానికి సిద్దిపేట తాసీలు కచ్చేరికి పోతుంటే వాళ్ల వెంట నడిచాను. ఎనభై రూపాయలు నడుముకు కట్టుకొన్నాను. దారంతా కొండవ్వ ఒకటే పాట. "పైసలు తెచ్చుకునేటందుకు పోయేటోళ్లను చూసిన్నే, ఇచ్చేటందుకు పోయేటిదాన్ని నిన్నే చూస్తున్న." నీతి అనుకోకు చెల్లె. నీతి నాకెక్కడిది? భయం. రేపు ఎవరైనా వచ్చి, చేర్యాల బర్రెలకు నువ్వెట్లా తీసుకున్నావంటే చెప్పే జవాబు నా దగ్గర లేదు.

తాసీల్దారు ముందర నోట్లు పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చాలాసేపు చూశాడు. గుమాస్తాను పిలిచి, "గీ అవ్వ ఎందుకొచ్చిందో చూడు" అన్నాడు. గుమాస్తా ఇంకో నలుగురిని పిలిచి చూపించాడు. నేను ఏదో వింత జంతువును అయినట్టు. తర్వాత పట్టీ తెప్పించి, నా పేరు కింద రెండింటిని కొట్టేసి, నీ పేరు రాయించాడు. సిరా ఎండినా కొట్టేయవచ్చునని అప్పుడు తెలిసింది!

పైసలు నీ చేతికే ఇస్తారట. రానున్న సోమవారం నువ్వే రావాలి, వేలిముద్ర నీదే కావాలి. రాకపోతే ఖజానాకు వాపసు పోతాయి. ఇంకొకటి. తీసుకునేవాళ్లు అందరినీ ఒక మాట అడుగుతున్నారు: రోగానికి ముందు నీకు మొత్తం ఎన్ని పశువులు?

నేను నీ బతుకు ముంచానేమో. లేక ఏమిటో. నాకేమీ తోచడం లేదు.

బుచ్చవ్వ

*

చేర్యాల
చిత్త కార్తె వెళ్లేముందు

అక్కా,

నీ కాళ్లు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టాలి. సిద్దిపేట దాకా నడిచే సత్తువ ఉన్నదే నీకు!

వస్తాను. రాకపోతే ఇల్లు నిలవదు. రెండే అని చెప్తాను, వేలిముద్ర వేస్తాను, బయటపడతాను. నువ్వు పక్కన నిలబడు. నోరు మాత్రం తెరవకు.

సాయవ్వ

*

ఎర్రకుంట
స్వాతి కార్తె

చెల్లె సాయవ్వకు,

క్షేమంగా చేరావా? బండి ఎడ్లు కుంటుతున్నట్టు కనబడ్డాయి, దారిలో ఎక్కడైనా ఆగిపోయావేమో అని రెండు రోజులు తినలేదు. డబ్బు జాగ్రత్తగా ఉన్నదా? పాడిబర్రె కొనేముందు పొదుగు చూసి కొను, కొమ్ములు చూసి కాదు.

సోమవారం నువ్వు కొంగు నెత్తి మీదికి లాక్కొని, ఎవరి ముఖమూ చూడకుండా బండెక్కిపోయావు. జనమంతా నిన్ను వేలెత్తి చూపిస్తారని నీ భయం. భయం సంగతి నాకు తెలియదా? అందుకే ఇది రాస్తున్నాను. నువ్వు పోయిన తర్వాత అక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి.

గుమాస్తా నిన్ను "మొత్తం ఎన్ని?" అని అడిగినప్పుడు, నువ్వు రెండు అంటావని నేను కళ్లు మూసుకున్నాను. "తొమ్మిది" అన్నావు. "మా అక్క దగ్గర రెండు. మా దొడ్లె ఏడు. లేవని చెప్పినం, ఉండె" అన్నావు. ఆ తర్వాత ఆయన అడగకుండానే పేర్లు చెప్పడం మొదలుపెట్టావు. పెద్దబోడి. మొండితోక. వంకకొమ్ము. ముత్తెం. రాణి. సుక్క. ఆఖరిది ఇంకా పేరు పెట్టనిది అన్నావు. నీ నోట అట్లా వినబడుతుంటే అవన్నీ ఒక్కొక్కటే కచ్చేరి గేటులోంచి లోపలికి వస్తున్నట్టే అనిపించింది నాకు.

"సచ్చినదానికి పుల్లరి లేదు. దాచినదానికి పైసలు లేవు" అన్నాడు తాసీల్దారు. ఎనభై తీసుకొని నువ్వు పోయావు.

నువ్వు గేటు దాటావో లేదో, కొండవ్వ లేచింది. ఆ రోజు మళ్లీ మా వెంట వచ్చి, పొద్దుటి నుంచి మొర వినమని ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉన్నది దానికి. బల్ల దగ్గరికి పోయింది.

"నాయి గూడ రాయి బిడ్డా. మూడు."

"పట్టీ అయిపోయిందవ్వా. పైసలు రావు."

"పైసలడిగిన్నా నిన్ను? నేను చెప్త, నువ్వు రాయి."

గుమాస్తా తాసీల్దారు వైపు చూశాడు. ఆయన సొరుగులోంచి కొత్త కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కొండవ్వ మూడు పేర్లు చెప్పింది. ఇన్నేండ్లు గోడకు గోడ ఆనుకొని బతికాం, దాని బర్రెలకు పేర్లున్నాయని నాకే తెలియదు.

దాని వెనక వీరయ్య నిలబడ్డాడు. మన వైపు పెద్ద కాపు, ఇరవై బర్రెలవాడు. రెండే ఉన్నాయని ప్రమాణం చేసినవాడు. రుమాలు తీసి చంకలో పెట్టుకొని, "పద్దెనిమిది రాస్కో పటేలా" అన్నాడు, చిన్న గుమాస్తాను పట్టుకొని పటేలా అన్నాడే! పదకొండో పేరు దగ్గర ఆగిపోయాడు. వెనకవాళ్లు ఎవరూ తొందర పెట్టలేదు. ఆయన మళ్లీ చెప్పేదాకా నిలబడ్డారు.

తర్వాత ఒకరి వెనక ఒకరు. కొండపాకవాళ్లు, కుకునూరువాళ్లు, ఎవరో తెలియనివాళ్లు. సంత పని మీద వచ్చినవాళ్లు సంగతి తెలుసుకొని మూటలు దింపి వరుసలో నిలబడ్డారు. వరుస గేటు దాటి బజారులోకి పోయింది. ఒక్క పైసా రాదని అందరికీ తెలుసు సాయీ. తెలిసే నిలబడ్డారు. మన తాతల నుంచి దాచినవన్నీ ఒక్కపూటలో బయటికి వస్తున్నాయి. కాగితం అయిపోతే ఇంకో కాగితం. చప్రాసి సిరా కలిపి తెస్తున్నాడు. నేను స్తంభం పట్టుకొని చూస్తున్నాను. నా ఒంట్లో ఎక్కడా వణుకు లేదు, దానికే కొంచెం భయమేసింది.

పొద్దు వాలుతుండగా వరుస అయిపోయింది. ఆఖరున, పొద్దున మా వెంటే వచ్చిన మా వాడకట్టు కిష్టవ్వ బల్ల దగ్గరికి వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, ముసలిది, చూపు ఆనదు, ఎవరూ లేరు. గుమాస్తా చెయ్యి విదుల్చుకొని, "నీయి ఎన్ని పోయినయ్ అవ్వా?" అన్నాడు.

"ఏం పోలే కొడుకా. నాకు బర్రెలెక్కడివి? ఒక్క మేక ఉన్నది. మంచం కింద కట్టేసి దాసిన."

"మేకకేమైంది మరి?"

"ఏం కాలే. మంచిగనే ఉన్నది, ఆకు తింటున్నది" అన్నది కిష్టవ్వ. "అది గూడ రాస్కో."

రాశాడు.

నీ అక్క
బుచ్చవ్వ